పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత గిటార్ ఆంప్ (50సీ5, 35డబ్ల్యూ4, 12ఏయూ6): షాక్, హమ్, మార్పులు

పాతవాల్వు:

1960ల నాటి చిన్న అమెరికన్ గిటార్ ఆంప్ ఒకటి బాగు చేస్తున్నాను. పేరు పలక లేదు, సర్క్యూట్ బొమ్మా లేదు. వెనకాల 117 వోల్టులు అని మాత్రం అచ్చు వేసి ఉంది. ఛాసిస్ తిప్పి చూస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మరే లేదు, ఉన్నది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. ట్యూబులు మూడు: 12ఏయూ6 (ప్రీఆంప్), 50సీ5 (అవుట్‌పుట్), 35డబ్ల్యూ4 (ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్). మూడింటి హీటర్లూ వరసగా సిరీస్‌లో ఉన్నాయి. వాల్యూమ్ ఒకటి, టోన్ ఒకటి, ఎనిమిది అంగుళాల స్పీకర్. స్పీకర్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 2.8 ఓమ్‌లు.

230 నుంచి 115కి దించే స్టెప్‌డౌన్ డబ్బా మీద నడుపుతున్నాను. సమస్యలు ఇవి:

గిటార్ తీగలు ముట్టుకుంటే జిల్లుమంటోంది. ప్లగ్ తిరగేసి పెడితే తగ్గుతోంది.

వాల్యూమ్ సున్నాలో పెట్టినా హమ్ (స్పీకర్లో గుయ్‌మనే మోత) పోదు. గొంతు 50 హెర్ట్జ్ లాగే ఉంది.

పది నిమిషాలకు శబ్దం బొంగురుపోతుంది, 50సీ5 విపరీతంగా కాలుతుంది. దాని కేథోడ్ దగ్గర 10 వోల్టులు (రెసిస్టర్ 150 ఓమ్‌లు), గ్రిడ్ దగ్గర 4 వోల్టుల పాజిటివ్ చూపిస్తోంది.

ఇవన్నీ సరిచేశాక గొంతు కాస్త విప్పుకునేలా ఏం మార్చవచ్చో కూడా చెప్పండి. ఆంప్ చెక్క పెట్టె, స్పీకర్, ట్యూబులు అలాగే ఉంచాలని ఉంది.

ఎర్త్‌పిన్:

పాతవాల్వు గారూ, ఆ ఆంప్‌ని ఆ డబ్బా మీద ఇంకొక్కసారి కూడా ఆన్ చేయకండి. మిగతా రెండు సమస్యలూ ఆగగలవు, ఇది ఆగదు.

ఈ తరహా ఆంపుల్లో మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా సర్క్యూట్ కామన్ (సర్క్యూట్ అంతటికీ సున్నా వోల్టుల ఉమ్మడి తీగ) అవుతుంది. కామన్‌కీ ఛాసిస్‌కీ మధ్య 0.05 నుంచి 0.1 మైక్రోఫారడ్ కాగితపు కెపాసిటర్, దాని పక్కనే 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటాయి. ఛాసిస్ నుంచి ఇన్‌పుట్ జాక్, జాక్ నుంచి గిటార్ తీగలు, తీగల నుంచి మీ వేళ్లు. అంటే మీకూ కరెంటుకూ మధ్య అడ్డుగా ఉన్నది అరవయ్యేళ్ల నాటి కాగితం. అది 0.1 మైక్రోఫారడ్ అయితే, బాగున్న స్థితిలోనే 115 వోల్టుల దగ్గర సుమారు 3.6 మిల్లీ ఆంపియర్లు, 230 దగ్గర 7 మిల్లీ ఆంపియర్లు వదులుతుంది. అది షార్ట్ అయిన రోజున ఆ మాత్రం అడ్డూ ఉండదు.

స్టెప్‌డౌన్ డబ్బా దీన్ని ఆపుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలాంటి డబ్బాల్లో ఎక్కువ భాగం ఆటోట్రాన్స్‌ఫార్మర్లే: ఒకే వైండింగ్, మధ్యలో ట్యాప్. గోడ ప్లగ్ ఎటు పెట్టారు, ఆంప్ ప్లగ్ ఎటు పెట్టారు అన్నదాన్ని బట్టి మీ సర్క్యూట్ కామన్ 0 దగ్గరో, 115 దగ్గరో, 230 దగ్గరో కూర్చుంటుంది. నాలుగు రకాలుగా పెట్టవచ్చు, అందులో ఒక్కటే క్షేమం. తేల్చుకోవాలంటే డబ్బాని గోడ నుంచి పీకేసి, ఇన్‌పుట్ పిన్నుకీ అవుట్‌పుట్ పిన్నుకీ మధ్య ఓమ్‌లు చూడండి. కొద్ది ఓమ్‌లు చూపిస్తే ఆటో. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే అసలు కంటిన్యుటీ ఉండదు.

ఇంకో సంగతి. ఈ ఆంపుల్లో స్విచ్ తరచు కామన్ వైపు తీగలో ఉంటుంది. ప్లగ్ తిరగబడి ఉన్నప్పుడు స్విచ్ ఆపినా, హీటర్ల వరస గుండా ఫేజ్ కామన్‌కి చేరుతూనే ఉంటుంది. ఆపేశాం కదా అని ఛాసిస్ మీద చెయ్యి వేయకూడదు.

చేయాల్సింది ఇది. ప్రైమరీ 230, సెకండరీ 115 ఉండి, రెండూ వేర్వేరు వైండింగులైన ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. హీటర్లు 0.15 ఆంపియర్ తీసుకుంటాయి, అంటే 17 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). బీ ప్లస్ (ట్యూబుల ప్లేట్లకి వెళ్లే హై వోల్టేజి డీసీ) వైపు సగటు కరెంటు 55 మిల్లీ ఆంపియర్లే అయినా సగం తరంగంలోనే తీసుకుంటుంది కాబట్టి పిడుగుల్లా వస్తుంది. అన్నీ కలిపి 30 నుంచి 35 వీఏ లెక్కేసుకోండి. అయినా 100 వీఏ తీసుకోమంటాను. కారణం, హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్ సెకండరీ గుండా డీసీని లాగుతుంది, కోర్ ఒక పక్కకి ఒరిగి సాచురేట్ అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మని వేడెక్కుతుంది. కోర్ పెద్దదైతే తట్టుకుంటుంది. ఇదే కారణంగా టొరాయిడ్ (గుండ్రటి రింగు కోర్‌ది) వద్దు, గాలి సందు లేని ఆ కోర్ కొద్దిపాటి డీసీకే కూలబడుతుంది. ఈఐ రేకుల కోర్‌దే తీసుకోండి.

వైరింగ్: మూడు తీగల మెయిన్స్ కార్డు. ఎర్త్ తీగ ఛాసిస్‌కి విడిగా బోల్టు వేసి, దాన్ని ఇంకే పనికీ వాడకుండా. ఫేజ్‌లో 500 మిల్లీ ఆంపియర్ల స్లో ఫ్యూజు, తర్వాత రెండు ధ్రువాలనూ తెంచే స్విచ్, తర్వాత ప్రైమరీ. సెకండరీలో ఇంకో 500 మిల్లీ స్లో ఫ్యూజు. వాల్యూమ్ పాట్ వెనకున్న పాత స్విచ్ 125 వోల్టులకే చేసినది, దాన్ని 230కి వాడకండి. పైగా మెయిన్స్ తీగ వాల్యూమ్ పాట్ దాకా వెళ్తే హమ్ కొనితెచ్చుకున్నట్టే.

ఇంతా అయ్యాక ఆ కాగితపు కెపాసిటర్, 220 కిలో ఓమ్‌లు రెండూ తీసేసి, సర్క్యూట్ కామన్‌ని ఒకే ఒక్క చోట ఛాసిస్‌కి గట్టిగా కలపండి. ఐసొలేషన్ లేకుండా ఈ పని చేస్తే ఛాసిస్ మొత్తం ఫేజ్ అవుతుంది, కాబట్టి వరస తప్పొద్దు.

ట్రాన్స్‌ఫార్మర్‌ని బయట వేరే పెట్టెలో ఉంచుదామా అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. రేపు ఇంకెవరో ఆ పెట్టె లేకుండా ఆంప్‌ని నేరుగా సాకెట్లో పెడతారు.

రిపుల్:

హమ్ గురించి. మామూలు ఆంపుల్లో 100 హెర్ట్జ్ వస్తే ఫిల్టర్, 50 వస్తే హీటరో గ్రౌండో అని చెవితోనే పోల్చుకుంటాం. ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు. 35డబ్ల్యూ4 హాఫ్‌వేవ్ కాబట్టి ఫిల్టర్ ఎండిపోయినా 50 హెర్ట్జ్ హమ్మే వస్తుంది.

అసలు డిజైన్ 60 హెర్ట్జ్‌కి. 50 దగ్గర రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే ఏసీ అలలు) ఐదో వంతు పెరుగుతుంది. కొత్త 40 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద కూడా 55 మిల్లీ ఆంపియర్ల లోడుకి 20 వోల్టుల పైచిలుకు పీక్-టు-పీక్ రిపుల్ ఉంటుంది. చాలా వాటిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫీడ్ ఈ మొదటి కెపాసిటర్ నుంచే వెళ్తుంది. సింగిల్ ఎండెడ్‌లో (ఒకే అవుట్‌పుట్ ట్యూబు ఉన్నదాంట్లో) దాన్ని కొట్టేసే రెండో సగం లేదు కదా, అందుకే వాల్యూమ్ సున్నాలో ఉన్నా వినిపిస్తుంది.

మందు: మొదటి కెపాసిటర్ తర్వాత 220 ఓమ్‌లు 5 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత 100 మైక్రోఫారడ్ 200 వోల్టుల కెపాసిటర్ పెట్టి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని అక్కడి నుంచి తినిపించండి. 50 హెర్ట్జ్ దగ్గర 100 మైక్రోఫారడ్ అంటే 32 ఓమ్‌లు, కాబట్టి రిపుల్ ఏడో వంతుకి పడిపోతుంది. 12 వోల్టులు పోతాయి, పోనివ్వండి. 50సీ5 స్క్రీన్‌కి (గ్రిడ్‌కీ ప్లేట్‌కీ మధ్య ఉండే రెండో గ్రిడ్) గరిష్ఠ పరిమితి 117 వోల్టులే, ఈ నష్టం మనకి మేలే చేస్తుంది. తర్వాత 1 కిలో ఓమ్, 47 మైక్రోఫారడ్, అక్కడ స్క్రీన్. ఇంకో 10 కిలో ఓమ్‌లు, 22 మైక్రోఫారడ్, అక్కడ 12ఏయూ6.

మొదటి కెపాసిటర్‌ని మాత్రం పెంచకండి. 35డబ్ల్యూ4కి 40 మైక్రోఫారడ్ దాకానే అనుమతి, ప్లేట్ సప్లైలో కనీసం 15 ఓమ్‌లు ఉండాలి. 100 పెడితే హమ్ తగ్గుతుంది గానీ పీక్ కరెంటుకి కేథోడ్ పూత రాలిపోతుంది. 33 మైక్రోఫారడ్ పెట్టి, ప్లేట్ పిన్ 5కి 33 ఓమ్‌లు 5 వాట్లు సిరీస్‌లో వేయండి.

35డబ్ల్యూ4లో ఇంకో బలహీనత ఉంది. పిన్ 6 అనేది హీటర్ మధ్య ట్యాప్. 4కీ 6కీ మధ్య పైలట్ దీపం ఉంటుంది, ప్లేట్ కూడా ఆ 6 నుంచే కరెంటు తీసుకుంటుంది. దీపం మాడితే బీ ప్లస్ కరెంటంతా ఆ చిన్న హీటర్ ముక్క మీద పడి అదీ తెగుతుంది. ప్లేట్‌ని 6 నుంచి విడదీసి, పైన చెప్పిన 33 ఓమ్‌ల ద్వారా నేరుగా సెకండరీకి కలపండి. దీపం కావాలంటే ప్రైమరీ మీద నియాన్ పెట్టుకోవచ్చు.

హీటర్ల వరస: సెకండరీ ఫేజ్ చివర, డ్రాపింగ్ రెసిస్టర్, 35డబ్ల్యూ4, 50సీ5, 12ఏయూ6, కామన్. 12ఏయూ6 కామన్ పక్కనే ఉండాలి. అప్పుడే దాని హీటర్‌కీ కేథోడ్‌కీ మధ్య ఏసీ తక్కువ. ఎవరైనా పాతకాలంలో సాకెట్ మార్చి ఈ వరస తారుమారు చేసి ఉంటే హమ్ ఎన్ని కెపాసిటర్లు మార్చినా పోదు. అలాగే ఆ చివరి హీటర్ పిన్‌ని సాకెట్ దగ్గరే కామన్‌కి కలిపేస్తారు. 150 మిల్లీ ఆంపియర్లు ప్రీఆంప్ గ్రౌండ్ తీగలోంచి నడుస్తాయి. దానికి విడిగా తీగ లాగి సెకండరీ చివరకే తీసుకెళ్లండి. మొదటి ఫిల్టర్ నెగటివ్ కూడా అక్కడికే.

డ్రాపింగ్ రెసిస్టర్ లెక్క: మూడు హీటర్లూ కలిపి 97.6 వోల్టులు. లోడు మీద సెకండరీ వోల్టేజి కొలిచి, అందులోంచి 97.6 తీసేసి 0.15తో భాగించండి. 118 ఉంటే 136 ఓమ్‌లు వస్తుంది, 3 వాట్లు కాలుతుంది. 10 వాట్ల వైర్‌వౌండ్ వేసి ఎలక్ట్రోలిటిక్‌లకి దూరంగా, ఛాసిస్ గోడకి ఆనించి బిగించండి. చివరికి 50సీ5 హీటర్ మీద 47.5 నుంచి 52.5 లోపు రావాలి.

ఆన్‌లో ఉండగా ట్యూబు పీకొద్దు. ఒకటి తీస్తే అన్నీ ఆరిపోతాయి, ఖాళీ సాకెట్ పిన్నుల మధ్య మొత్తం లైన్ వోల్టేజి నిలబడుతుంది. ఏ హీటర్ తెగిందో ట్యూబు బయటికి తీసి పిన్ 3, 4 మధ్య ఓమ్‌లతో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు 12ఏయూ6 సుమారు 14, 35డబ్ల్యూ4 సుమారు 40, 50సీ5 సుమారు 55 చూపిస్తాయి.

సింగిల్‌ఎండెడ్:

50సీ5 కాలిపోవడానికి కారణం మీ కొలతల్లోనే ఉంది. 150 ఓమ్‌ల మీద 10 వోల్టులంటే 66 మిల్లీ ఆంపియర్లు. 110 వోల్టుల ప్లేట్ దగ్గర ఈ ట్యూబు 49 మిల్లీ ఆంపియర్ల ప్లేట్ కరెంటు, 4 మిల్లీ స్క్రీన్ కరెంటుతో ఉండాలి, గ్రిడ్ బయాస్ (కేథోడ్‌తో పోలిస్తే గ్రిడ్ వోల్టేజి) మైనస్ 7.5. గ్రిడ్ దగ్గర సున్నా రావాల్సిన చోట 4 వోల్టులు వస్తోందంటే 12ఏయూ6 ప్లేట్ నుంచి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది, లేదా ట్యూబులో గ్యాస్ ఉంది.

రెండింటినీ వేరు చేయడం తేలిక. కప్లింగ్ కెపాసిటర్ ఒక కాలు ఊడదీసి ఆన్ చేయండి. 15 నిమిషాలు ఆగి గ్రిడ్ చూడండి. సున్నాకి పడిపోతే దోషం కెపాసిటర్‌ది. మెల్లగా పాజిటివ్‌కి పాకుతుంటే ట్యూబుది. చల్లగా ఉన్నప్పుడు కొలిచి సరే అనుకోవద్దు, లీకు వేడితోనే బయటపడుతుంది. గ్రిడ్ రెసిస్టర్ 470 కిలో ఓమ్‌లు దాటకూడదు, పాతవి విలువ పెరిగిపోయి ఉంటాయి, అది కూడా కొలవండి.

కాగితపు కెపాసిటర్లన్నీ 400 వోల్టుల ఫిల్మ్ రకంతో మార్చేయండి. ఒకటి చెడింది అంటే మిగతావాటికీ అదే వయసు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పరీక్ష: స్పీకర్ ఊడదీసి, రెండు వైపులా వైరింగ్ తెంపి, ప్రైమరీకి 25 వోల్టుల ఏసీ ఇవ్వండి. 2.5 కిలో ఓమ్‌లకి 4 ఓమ్‌ల నిష్పత్తి అయితే సెకండరీలో 1 వోల్టు వస్తుంది, 3.2 ఓమ్‌లదైతే 0.9. మీ స్పీకర్ డీసీ 2.8 కాబట్టి 3.2 ఓమ్‌లదే అయి ఉండాలి, దాన్నే ఉంచండి. 8 ఓమ్‌లది పెడితే ట్యూబుకి 6 కిలో ఓమ్‌ల పైన కనబడుతుంది, శక్తి పడిపోతుంది, స్క్రీన్ మీద బరువు పెరుగుతుంది.

ఇక గొంతు సంగతి. ఈ రకం ఆంపుల్లో 12ఏయూ6ని తరచు గ్రిడ్ లీక్ బయాస్‌తో పెట్టారు: కేథోడ్ నేరుగా కామన్‌కి, గ్రిడ్‌కి 5 నుంచి 10 మెగా ఓమ్‌లు, ముందు ఒక చిన్న కెపాసిటర్. గట్టిగా మీటితే ఆ కెపాసిటర్ చార్జ్ అయి కాసేపు గొంతు నొక్కేస్తుంది. చక్కటి పికప్‌లున్న గిటార్‌కి ఇది సరిపడదు. కేథోడ్ బయాస్‌కి మార్చండి: జాక్ నుంచి 1 మెగా ఓమ్ కామన్‌కి, 33 కిలో ఓమ్‌లు సిరీస్‌లో పిన్ 1కి, పిన్ 7 నుంచి 2.2 కిలో ఓమ్‌లు కామన్‌కి, పిన్ 2 కేథోడ్‌కి, ప్లేట్ పిన్ 5కి 220 కిలో ఓమ్‌లు, స్క్రీన్ పిన్ 6కి 680 కిలో ఓమ్‌లు, స్క్రీన్ నుంచి కేథోడ్‌కి 0.1 మైక్రోఫారడ్. ఆన్ చేసి ప్లేట్ కొలవండి, 40 నుంచి 60 వోల్టుల మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే స్క్రీన్ రెసిస్టర్ పెంచండి, ఎక్కువగా ఉంటే తగ్గించండి. ట్యూబు ట్యూబుకీ తేడా ఉంటుంది, కాబట్టి 680ని చివరి మాటగా తీసుకోకండి.

కేథోడ్ మీద 22 మైక్రోఫారడ్ పెడితే బాస్ నిండుగా ఉంటుంది గానీ ఎనిమిది అంగుళాల స్పీకర్ మోయలేదు. 1 మైక్రోఫారడ్ పెట్టి చూడండి, సుమారు 300 హెర్ట్జ్ కింద గెయిన్ మెల్లగా తగ్గుతుంది, బురద పోతుంది. కప్లింగ్ కెపాసిటర్ 0.02 మైక్రోఫారడ్ ఉంటే 0.0047కి దించండి. నా లెక్కలో ఈ ఆంప్ గొంతుకి అన్నిటికన్నా పెద్ద మేలు ఈ రెండింటివల్లే.

పెంటోడ్‌గా (అయిదు ఎలక్ట్రోడ్లతో) ఉన్న 12ఏయూ6 మరీ మోగుతూ, ఆంప్ పెట్టె తడితే టంగుమంటుంటే ట్రయోడ్‌గా (మూడింటితో) కట్టండి: పిన్ 2, 6 రెండూ పిన్ 5కి. స్క్రీన్ రెసిస్టర్, కెపాసిటర్ తీసేయండి. ప్లేట్ రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు. గెయిన్ 100 పైన ఉన్నది 25, 30కి దిగుతుంది, మైక్రోఫోనిక్స్ (తట్టినప్పుడు శబ్దంలోకి చేరే ఆ మోత) దాదాపు పోతాయి. ముందు పెడల్ వాడేవారికి ఇదే నయం.

పాతవాల్వు:

ముగ్గురికీ ధన్యవాదాలు. డబ్బా పరీక్షలో 6 ఓమ్‌లు చూపించింది, ఆటోనే. 100 వీఏ ఈఐ ట్రాన్స్‌ఫార్మర్ వేశాను, ఎర్త్ కలిపాను, జిల్లు పూర్తిగా పోయింది. కప్లింగ్ కెపాసిటర్ తీయగానే గ్రిడ్ సున్నాకి వచ్చింది. ఇప్పుడు మొదటి ఫిల్టర్ 123, రెండోది 111, స్క్రీన్ 106, కేథోడ్ 7.6, 12ఏయూ6 ప్లేట్ 52.

మూడు సందేహాలు మిగిలాయి. సిరీస్ బల్బు (జాగ్రత్త కోసం మెయిన్స్‌కి వరసలో పెట్టే బల్బు) పెట్టి మొదటిసారి ఆన్ చేసినప్పుడు బల్బు ఆరకుండా మసగ్గా వెలుగుతూనే ఉంది, తప్పా? సన్నటి హమ్ ఇంకా ఉంది, ట్యూబులన్నీ తీసేసినా వినిపిస్తోంది. స్పేర్‌గా 50బీ5 దొరికింది, 50సీ5 బదులు వేయవచ్చా?

రిపుల్:

బల్బు విషయంలో తప్పు లేదు. ఈ ఆంప్ ఎప్పుడూ 30 వాట్ల దాకా లాగుతుంది, 60 వాట్ల బల్బు పూర్తిగా ఆరదు. నిండుగా వెలిగితేనే షార్ట్ అనుకోవాలి. బల్బు ఉండగా హీటర్లకి తక్కువ వోల్టేజి అందుతుంది, అప్పటి కొలతలు నమ్మకండి.

ట్యూబులు లేకుండా వినిపించే హమ్ అయస్కాంతపుది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దూకుతోంది. ట్యూబులన్నీ తీసి, స్పీకర్ బదులు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ సెకండరీకి పెట్టండి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు వదులు చేసి, ప్రతిసారీ ప్లగ్ పీకి, కొంచెం తిప్పి, మళ్లీ వినండి. రెండు కోర్‌లూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు దాదాపు మాయమవుతుంది, కానీ సరైన కోణం అంతకు అయిదు, పది డిగ్రీలు అటూఇటూ ఉండవచ్చు. అక్కడే బిగించండి. దూరం కూడా పని చేస్తుంది, రెండు అంగుళాలు జరిపినా తేడా తెలుస్తుంది.

సింగిల్‌ఎండెడ్:

మీ వోల్టేజీలన్నీ బాగున్నాయి. 7.6ని 150తో భాగిస్తే 51 మిల్లీ ఆంపియర్లు, అదే కావాలి.

50బీ5 మాత్రం వద్దు. లోపల ట్యూబు ఇంచుమించు ఒకటే, పిన్నుల అమరిక వేరు. 50సీ5లో కేథోడ్ 1, గ్రిడ్ 2 మరియు 5, స్క్రీన్ 6, ప్లేట్ 7. 50బీ5లో గ్రిడ్ 1 మరియు 7, కేథోడ్ 2, ప్లేట్ 5, స్క్రీన్ 6. మీ సాకెట్లో పెడితే 7వ పిన్ ద్వారా గ్రిడ్‌కి మొత్తం బీ ప్లస్ చేరుతుంది. ట్యూబు పోతుంది, దాంతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ కూడా తెగవచ్చు. హీటర్ పిన్నులు మాత్రం రెండింట్లోనూ 3, 4 కాబట్టి ట్యూబు మామూలుగానే వెలుగుతుంది, చూసి సరిపోయిందనుకుంటాం. ఆ 50బీ5నే వాడాలనుకుంటే సాకెట్ వైర్లు మార్చి, ఛాసిస్ మీద చెరగని సిరాతో ట్యూబు పేరు మార్చి రాయండి.